తూర్పుకి తిరిగిన కుర్చీ

మోకాలి ఆపరేషన్ అయిన పన్నెండో రోజున మా ఆవిడ విజయనగరంలో తన చెల్లెలి ఇంట్లో మంచం మీద కాలు చాపుకుని కూర్చుని, ఫోన్లో నా మొహం చూస్తూ ఒక మాట చెప్పింది.

"ఏటండీ, సరిగ్గా ఇనండి. మన దొడ్లో బాత్రూములో కుర్చీ కట్టించేదాకా నేను కొండెక్కను. గొంతుకూకోవద్దన్నారు డాక్టరుగారు. నెలా రెండు నెలలూ కాదు, ఇంక జన్మలో కూకోవద్దన్నారు."

కుర్చీ అంటే కమోడ్. మా ఇంట్లో ఆడవాళ్లు ఆ మాట అనడానికి సిగ్గుపడి కుర్చీ అంటారు. నేను నవ్వి, "సరేలే, చూద్దాం" అన్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఏ సమస్య వచ్చినా నేను చెప్పిన జవాబు అదే. ఆవిడ నవ్వలేదు. వెనకనుంచి మా మరదలు తల దూర్చి, "అక్కని ఇక్కడే ఉంచేసుకుంటాం బావా. ఈ వయసులో ఆ చల్లో, ఆ కొండల్లో ఏటుందని? మీరు కూడా కొట్టు మూసేసి దిగిపోండి" అంది. మామూలుగా అయితే మా ఆవిడ చెల్లెలి మీద కయ్యిమని లేచేది. ఆ రోజు దిండు సర్దుకుని కాలు ఇంకాస్త చాపుకుంది. నాకు అప్పుడు భయం వేసింది.

మాది పెదబయలులో కిరాణా కొట్టు. ఉప్పు, ఎండుచేపలు, సబ్బులు అమ్ముతాం. అల్లం, పిప్పళ్లు, చీపుళ్లు కొంటాం. పేరుకి కొట్టు నాది, నడిపేది ఆవిడ. కొండమీది ఊళ్లనుంచి సంతకు దిగే ఆడవాళ్లతో ఆవిడ ఆదివాసీ ఒడియాలో గలగలా మాట్లాడుతుంది. ఎవరి కోడలికి నెలలు నిండాయో, ఎవరి మేక ఎటు పోయిందో అన్నీ ఆవిడకే తెలుసు. నాకు ఆ భాషలో అంకెలూ రెండు తిట్లూ తప్ప ఏమీ రావు. ఆవిడ లేని ఆ రోజుల్లో వచ్చినవాళ్లు గుమ్మంలోంచి తొంగిచూసి, "సావుకారమ్మ నేదా?" అని అడిగి, లేదంటే పక్క కొట్టుకి నడిచిపోయేవారు. బేరం సంగతి అలా ఉంచండి. పొద్దున్నే పొగమంచులో తలుపులు తీసి టీ గ్లాసు పట్టుకుని ఒక్కడినే కూర్చుంటే, తిట్టే మనిషి లేక ఆ టీ గొంతు దిగేది కాదు. నాకు మా ఆవిడ కావాలి. ఆవిడ రావాలంటే కుర్చీ కావాలి. డాక్టరు ఆవిడ ప్రయాణానికి ఒప్పుకునేదాకా నాకున్నది నెలరోజులు.

ముందు మేస్త్రీ కోసం తిరిగాను. ఇక్కడున్న ఇద్దరు తాపీమేస్త్రీలూ లోపలి ఊళ్లలో ఇళ్ల పనుల్లో ఉన్నారు, ఇప్పట్లో రామన్నారు. కిందనుంచి ఒక ప్లంబరుకి ఫోన్ చేస్తే, "ఒక్క కమోడ్ కోసం ఘాటీ ఎక్కి రావాలా సార్? అక్కడే మరో నాలుగు పనులు చూసి పెట్టండి, వస్తాను" అన్నాడు. నాలుగు పనులు వెతకడానికి నేనేమన్నా ఆయనకి ఏజెంటునా? నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండినప్పుడల్లా ఏదో ఒక పని సొంతంగా మొదలుపెట్టడం అలవాటు. కొట్టులో అలమారాలు అలా వచ్చినవే, అందులో ఒకటి ఇప్పటికీ పక్కకి ఒరిగి ఉంటుంది. "నేనే బిగిస్తాను" అని ప్రకటించాను. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి అడ్డం చెప్పినవాళ్లూ లేరు.

ఫోన్లో వీడియోలు చూశాను. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన, చేతికి మట్టి అంటకుండా, వెనక మోగే పాట అయిపోయేలోగా కమోడ్ బిగించేసి, చివర్లో బొటనవేలు చూపించేవాడు. ఇంతేనా అనుకున్నాను.

పాడేరు బస్సెక్కి వెళ్లి ఒక దుకాణంలో తెల్లటి కమోడ్ చూపించి "ఇది కట్టు" అన్నాను. దుకాణదారు ఏదో అడగబోయాడు. నేను కూడా దుకాణదారునే కదా, ఎదుటివాడి ముందు తెలియనట్టు కనపడడం నాకు చిన్నతనం. "అన్నీ తెలుసు, కట్టవయ్యా" అన్నాను. అట్టపెట్టెలో పెట్టి తాళ్లు కట్టి ఇచ్చాడు. తిరుగు బస్సులో జనం కిటకిట. ఇంజను పక్కన పెట్టె దింపి నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. రెండో మలుపులోనే ఒక పెద్దాయన వచ్చి ఆ పెట్టె మీద కూర్చున్నాడు. ఒడిలో కోడిపుంజు. లేవమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే లోపల ఏముందని అడిగితే చెప్పాలి. పెదబయలు దాకా ఆయన హాయిగా కూర్చునే వచ్చాడు. మా కమోడ్‌కి ప్రారంభోత్సవం అలా అయిపోయింది.

ఇంటికొచ్చి పాత నాటుదొడ్డి, అదే గొంతుక్కూర్చునే బేసిన్, పగలగొట్టాను. మా బాత్రూము ఇంటికి వెనక విడిగా ఉంటుంది. మూడున్నర అడుగుల వెడల్పు, ఐదున్నర అడుగుల పొడవు, తూర్పున తలుపు. రెండు రోజులు సుత్తీ ఉలీ పట్టుకుని కొట్టేసరికి, పడమటి గోడ దగ్గర నేలలోకి దిగిన గొట్టం మూతి బయటపడింది. అప్పుడు పెట్టె విప్పి కమోడ్ బయటికి తీశాను. దాని గొట్టం వెనక్కి, గోడవైపు చూస్తోంది. నా గొట్టం నేలలో ఉంది. కమోడ్‌లలో రెండు రకాలున్నాయని, గోడలోకి పోయేది వేరూ నేలలోకి దిగేది వేరూ అని నాకు అప్పుడు తెలిసింది. దుకాణదారు అడగబోయిన ప్రశ్న కూడా అప్పుడే అర్థమైంది.

నా కొట్టులో గల్లాపెట్టె మీద ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది: విప్పిన సరుకు వాపసు తీసుకోబడదు. అది నా చేత్తో రాసిందే. మర్నాడు విప్పిన సరుకు మళ్లీ తాళ్లు కట్టి, బస్సెక్కించి, పాడేరు దుకాణదారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్నూ పెట్టెనీ చూసి, "అన్నీ తెలుసన్నారుగా" అన్నాడు. అని నవ్వి మార్చి ఇచ్చాడు. మంచివాడు. నేనైతే మార్చేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి ఆ అట్ట తీసేద్దామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు.

ఇక బిగించడమే. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఆ రాత్రి మా బావకి ఫోన్ చేశాను. ఈయన మా అక్క మొగుడు, శృంగవరపుకోటలో ఉంటారు, వ్యవసాయం చేస్తూ చుట్టాలందరికీ వాస్తు చెబుతారు. మా కుటుంబంలో గొయ్యి తవ్వాలన్నా ఆయన్ని అడుగుతాం. ఆయన అడిగారు, "పాత దొడ్డి మీద మీరు ఎటు తిరిగి కూకునేవోరు?"

"తలుపువైపు, తూర్పుకి" అన్నాను.

అటు పంచాంగం పేజీలు తిరగేస్తున్న చప్పుడైంది. తర్వాత, "ఓరి నాయనా, ఇన్నేళ్లూ సూర్యుడికి ఎదురుగా కూకున్నారా? మరి మా చెల్లెమ్మ మోకాలు పోదా? ఉత్తరానికి తిప్పు. ఉత్తరమే. తూర్పుకి మాత్రం ఎట్టకు, తర్వాత నీ ఇష్టం" అన్నారు.

ఆ "తర్వాత నీ ఇష్టం" అన్నది ఉంది చూశారూ, అది మనిషిని నిద్రపోనివ్వదు. నేను వాస్తు పిచ్చివాణ్ణి కాను. కానీ ఆపరేషన్ రోజున ఆ గది బయట బెంచీ మీద కూర్చున్నవాణ్ణి. మా ఆవిడ ఆరోజు లోపలికి వెళ్లేముందు చేతి గాజులు తీసి నా జేబులో వేసింది. ఆ నాలుగు గంటలూ నేను జేబులోంచి చెయ్యి తీయలేదు. ఇంకో మోకాలు కూడా పోతుందేమో, నా చేతులారా చేసినవాణ్ణవుతానేమో అన్న భయం ముందు తెలివి పనిచెయ్యలేదు. ఉత్తరానికే తిప్పాలని నిశ్చయించుకున్నాను.

తిప్పడమంటే మాటలు కాదు. నేలలో గొట్టం మూతి పడమర గోడ దగ్గర, గది నడుమన ఉంది. కమోడ్‌ని దక్షిణపు గోడకి ఆనించి ఉత్తరంవైపు చూపించాలంటే ఆ మూతి పక్కకి జరగాలి. మళ్లీ నేల తవ్వాను. ఒక వంపు గొట్టం వేసి మూతిని దక్షిణానికి తెచ్చాను. గొట్టం కోస్తే పొట్టిదైంది, ఇంకోటి కోస్తే పొడుగైంది. మూడోది సరిపోయింది గానీ, అంటించే జిగురు చేతివేళ్లకి పట్టి రెండు రోజులు డబ్బు లెక్కపెట్టలేకపోయాను. నడుం పట్టేసింది. అమృతాంజనం రాసుకుని కొట్టులో కూర్చుంటే ఎండుచేపల వాసన కూడా ఓడిపోయింది. అయినా కమోడ్ కూర్చుంది. చుట్టూ సిమెంటు వేసి, గరిటెతో నునుపు చేసి, తెల్లచొక్కా ఆయనలాగా ఎవరూ చూడకుండా ఒకసారి బొటనవేలు పైకెత్తాను.

కొలత చూసుకోవాలి కదా. లుంగీతోనే మెల్లగా దానిమీద కూర్చున్నాను. మోకాళ్లకీ ఎదుటి గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. భేష్ అనుకున్నాను.

ఇక్కడ ఇంకో తప్పు చేశాను, అది కిందనుంచి కొండకి వచ్చినవాడే చేసే తప్పు. కింద మా సొంతూళ్లో సాయంత్రం సిమెంటు వేస్తే పొద్దుటికి గట్టిపడుతుంది. అదే లెక్కతో మర్నాడు వెళ్లి కమోడ్ మీద చెయ్యి వేసి ఊపాను. అది పాలపన్నులా కదిలింది. మార్గశిర మాసం, పది గంటలదాకా సూర్యుడు కనపడడు, రాత్రిళ్లు బకెట్లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. ఆ చల్లో సిమెంటు మాత్రం బద్ధకించదా? ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉండి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. మూడోరోజూ అదే పరిస్థితి. సిమెంటుని తిట్టాను, కొండని తిట్టాను, మార్గశిరాన్ని తిట్టాను. కుంపటి రాజేసి తీసుకెళ్లి బాత్రూములో పెట్టి తలుపు వేశాను. దొడ్లో బాత్రూములోంచి పొగ రావడం చూసి పక్కింటివాళ్లు బిందెలతో నీళ్లు పట్టుకొచ్చారు. వాళ్లకి సంగతి చెప్పేసరికి నా పరువు కాస్తా పోయింది.

ఆ రోజే సంత. పిప్పళ్లు తెచ్చే ఒక ముసలమ్మ ఉంది, మా ఆవిడకి మంచి స్నేహితురాలు. కర్ర ఊతతో కొండ దిగి వస్తుంది, ఎడమ మోకాలు ఏళ్ల తరబడి ముడవదు. వచ్చినప్పుడల్లా మా ఆవిడా ఆవిడా మోకాళ్ల కబుర్లు చెప్పుకునేవారు. ఆ రోజు కొట్టు గుమ్మంలో పిప్పళ్ల సంచి దింపుతూనే అడిగింది.

"సావుకారమ్మ ఎప్పుడొత్తాది?"

"కుర్చీ గట్టిపడగానే" అన్నాను చిరాగ్గా.

"ఏటి కుర్చీ? సూపించు."

ఒద్దన్నా వినలేదు. దొడ్లోకి తీసుకెళ్లాను. తలుపు తీసి లోపలికి చూసి, కమోడ్‌ని కర్రతో ఒకసారి తట్టి, నేను ఆపేలోగా చీర సర్దుకుని దానిమీద కూర్చోబోయింది. కూర్చోవడం సగంలోనే ఆగిపోయింది. ముడవని కాలు వెళ్లి ఎదుటి గోడకి తగిలింది. పక్కకి తిరిగి చూసింది. అటు పడమటి గోడ. ఇటు తలుపువైపు తిరిగితే కుర్చీ మీంచి జారిపోతోంది. లేవడానికి గోడ పట్టుకుని కష్టపడుతూనే పకపకా నవ్వింది.

"సావుకారమ్మ కాలు కూడా ముడవదు కదా సావుకారీ. మరి ఎక్కడెడతాది కాలు? గోడకి కన్నం ఎట్టి అందులోంచి బయటికి తీత్తాదేటి?"

నాకు కోపం వచ్చింది. కోపం ఆమె మీద కాదు, కానీ ఎదురుగా ఆమే ఉంది. "మా బావ ఉత్తరానికే పెట్టమన్నాడు. ఆయనకి శాస్త్రం తెలుసు" అన్నాను.

"మీ బావొచ్చి కూకుంటాడేటి ఇందులో?" అంది.

అని కర్ర పట్టుకుని కొట్టులోకి వెళ్లిపోయింది. నేను ఆ గదిలో అలాగే నిలబడ్డాను. ఆపరేషన్ అయిన కాలు కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ ముందుకి చాపుకోవాలని ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి నా ఎదుటే నేర్పించింది. నేను పక్కనే నిలబడి అన్నీ తెలిసినట్టు తలాడించాను. తీరా ఇక్కడ కొలత చూసుకున్నది నా కాళ్లతో. అవి పొట్టి కాళ్లు. మా ఆవిడ నాకంటే రెండంగుళాలు పొడుగు, పెళ్లి ఫొటోలో నన్ను పీట మీద నిలబెట్టారు. ఆవిడ కోసం అనుకుంటూ రెండు వారాలు నడుం విరగ్గొట్టుకుని, నేను కట్టింది నాకు కుర్చీ. ఆ సంగతి తట్టగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ బాత్రూములో నిలబడి కాసేపు ఏడ్చాను.

తర్వాత వాస్తు గురించి ఆలోచించాను. సూర్యుడికి కోపం వస్తుందో రాదో నాకు తెలియదు. పది గంటలదాకా పొగమంచులోంచి ఆయనకి మేమే కనపడం. మా ఆవిడకి కోపం వస్తుందని మాత్రం ఖాయంగా తెలుసు. తూర్పున తలుపు ఉంది, తలుపుదాకా మూడడుగుల నేల ఉంది, కాలు ఎంతైనా చాపుకోవచ్చు. అంతే, గునపం తీశాను.

మూడు రోజులుగా నేను తిట్టిన చలి ఆ పూట నాకు మేలు చేసింది. కింద ఊళ్లో అయితే ఆ పాటికి సిమెంటు రాయి అయిపోయేది, కమోడ్ పగలకుండా ఊడొచ్చేది కాదు. ఇక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. చుట్టూ మెల్లగా గీరి, తడిగుడ్డ వేసి పట్టుకుని ఊపితే, ముసలి పన్ను ఊడినట్టు నెమ్మదిగా ఊడివచ్చింది. ఒక్క పెచ్చు కూడా లేవలేదు. కుంపటి వేడి ఇంకో పూట ఉంచి ఉంటే పని చెడిపోయేది. మళ్లీ నేల తవ్వాను. నేనే వేసిన వంపు గొట్టం నేనే కోసి పారేశాను. పడమటి గోడ దగ్గర పాత మూతి మీదే కమోడ్‌ని తూర్పు మొహంగా కూర్చోబెట్టాను. ఈసారి ఏడు రోజులు దాని జోలికి పోలేదు. గోనెపట్టాలు కప్పి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి గల్లాపెట్టెలో పడేశాను, నా మీద నాకే నమ్మకం లేక.

నీళ్ల కనెక్షన్ ఇంకో మూడు రోజులు తిన్నది. గొట్టం బిగించే చోట తెల్లటి టేపు చుట్టాలి. నేను చుట్టాను, కారింది. ఇంకా మందంగా చుట్టాను, ఇంకా కారింది. మరలు బిగిసే దిక్కుకే టేపు చుట్టాలని, లేకపోతే బిగించేకొద్దీ అది ఊడిపోతుందని నాలుగోసారికి తెలిసింది. తెల్లచొక్కా ఆయన ఆ ముక్క చెప్పలేదు. చెప్పాడేమో, హిందీలో చెప్పి ఉంటాడు. చివరికి మీట నొక్కితే నీళ్లు భళ్లున దూకి, గిర్రున తిరిగి, చప్పుడు చేస్తూ కిందికి పోయాయి. తిరుపతి లడ్డూ దొరికినంత సంబరపడి, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా మీట నొక్కుతూనే ఉన్నాను.

మరొక్క పని మిగిలింది. పట్టుకుని లేవడానికి గోడకి స్టీలు రాడ్డు ఉండాలని ఆస్పత్రిలో చెప్పారు. అది తెచ్చి, గోడకి నాలుగు కన్నాలు పెట్టి బిగించాను. పట్టుకుని వేలాడి చూశాను, కదల్లేదు. ఉత్తరం దిక్కు మార్చేసిన సంగతి మా బావకి మాత్రం చెప్పలేదు. ఆయన ఫోన్ చేసి "ఎట్టేవా?" అంటే "ఎట్టేను బావా" అన్నాను. ఎటు అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మా ఆవిడ వచ్చేముందు రోజు ఫోన్లో చెప్పింది. "రేపు కారులో వత్తన్నాను. సూత్తాను. కుదిరితే ఉంటాను. కుదరకపోతే అదే కారులో ఎల్లిపోతాను, మీరేటీ అనుకోకూడదు. ఆ కాలుతో రోజూ నరకం పడలేనండి." ఆ గొంతులో బెదిరింపు లేదు. అలిసిపోయిన మనిషి మాట అది. నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

కారు మధ్యాహ్నం పన్నెండుకి వచ్చి కొట్టు ముందు ఆగింది. వలిసె పూలు అయిపోయి చేలు బోడిగా ఉన్నాయి, ఎండ మాత్రం తెల్లగా, బాగుంది. డ్రైవరు దిగి తలుపు తీశాడు. మా ఆవిడ ముందు కర్ర దింపింది, తర్వాత మంచి కాలు, తర్వాత ఆపరేషన్ కాలు. సన్నబడింది. నేను చెయ్యి ఇవ్వబోతే పట్టుకోలేదు, "ఉండండి, నాకొచ్చు" అంది. వెనక సీట్లో మూట, పెట్టె అలాగే ఉన్నాయి. వాటిని దింపబోతే డ్రైవరు, "అమ్మగారు ఉంచమన్నారు సార్" అన్నాడు.

కొట్టులోకి అడుగు పెట్టలేదు. నేరుగా పక్క సందులోంచి దొడ్లోకి నడిచింది. తలుపు తీసింది. నా మొహం చూడకుండా లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. నేనూ డ్రైవరూ సందులో నిలబడ్డాం. అతనికి టీ ఇచ్చాను, తాగాడు. ఇంకో టీ ఇచ్చాను, అదీ తాగాడు. ఘాట్ రోడ్డు మీద లారీల సంగతి ఏదో చెబుతున్నాడు, నాకొక్క మాటా ఎక్కలేదు. లోపల చప్పుడు లేదు. ఇరుకైందేమో, లేవలేకపోతోందేమో, పిలవడానికి మొహమాటపడుతోందేమో అనుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లి, వెనక్కి వచ్చాను. అప్పుడు నీళ్లు భళ్లున దూకిన చప్పుడైంది. గడియ తీసిన చప్పుడైంది.

బయటికి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. మొహం చిటపటలాడుతోంది.

"ఆ రాడ్డెవరెట్టారు?"

"నేనే" అన్నాను.

"ఎవరికెట్టారు, పొట్టోళ్లకా? నేను లేవాలంటే ఆ రాడ్డు అందుకోడానికి ముందు వంగాలి, వంగితే మోకాలు కలుక్కుమంటాది. జానెడు పైకుండాలి, ముందుకుండాలి. ముప్పై ఏళ్లనుంచి నన్ను సూత్తన్నారు, నా ఎత్తు తెలీదేటి మీకు?"

 ఆవిడ నన్ను దాటి సందులోకి చూసి డ్రైవర్ని పిలిచింది.

"బాబూ, ఆ మూటా పెట్టె దించీసి నువ్వు బేగి ఎల్లిపో. సీకటడితే ఘాటీలో మంచు దిగిపోద్ది."

మూట నేనే దింపాను. మెడకి తగిలించుకుని, పెట్టె రెండో చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చాను. ఆవిడ కొట్టులోకి వెళ్లేసరికి సంతనుంచి తిరిగిపోతున్న ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలో కనపడి కేక పెట్టారు, ముగ్గురూ ఒకేసారి ఒడియాలో మొదలుపెట్టారు. నాకు ఏమీ అర్థం కాలేదు. చాలా హాయిగా ఉంది.

సాయంత్రం స్క్రూడ్రైవరు, పెన్సిలు తీసుకుని దొడ్లోకి వెళ్లాను. రాడ్డు ఊడదీశాను. గోడలో నాలుగు కన్నాలు వెక్కిరిస్తూ కనపడ్డాయి. కొత్త కన్నాలు ఎక్కడ పెట్టాలా అని కొలత టేపు చాపబోయి ఆగి, ఆవిడని పిలిచాను. కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చింది.

"ఓసారి కూర్చో" అన్నాను.

నా మొహంలోకి అనుమానంగా చూసింది. తర్వాత చీర సర్దుకుని కుర్చీ మీద కూర్చుని, కొత్త మోకాలు మెల్లగా తలుపువైపు చాపింది. "ఇప్పుడు లేస్తున్నట్టు చెయ్యి చాపు" అన్నాను. చాపింది. ఆ చెయ్యి నేను అనుకున్నదానికంటే చాలా పైన, చాలా ముందు గోడకి ఆనింది. ఆ చేతి పక్కనే పెన్సిలుతో గీత గీశాను.